సముద్రం వైపు మంచం

ఆ మాట ఎవరు రాయించారో చెప్పేదాకా పొయ్యి వెలిగించనని గిరిజ పొద్దున ఏడింటికి అన్నది. ఇప్పుడు తొమ్మిదయింది. నటేశన్ నగర్‌లోని ఆ ఇంట్లో ఇంతవరకు ఎవరి గొంతులోనూ కాఫీ చుక్క దిగలేదు.

వంటింటి గుమ్మానికి అడ్డంగా పీట వేసుకుని ఆమె కూర్చుంది. ఒళ్ళో నాలుగు కాగితాలు. కోడలు విద్య నిన్న సాయంకాలం తను పనిచేసే కాలేజీ నుంచి వస్తూ ప్రింటు తీయించి తెచ్చిన కాగితాలవి. ఓడ ప్రయాణానికి ట్రావెల్స్ వాళ్ళు పంపిన బుకింగ్ ఫారం.

మొదటి ప్రయాణికుడు సీతాపతి, వయసు అరవై ఎనిమిది. రెండో ప్రయాణికురాలు గిరిజ, వయసు అరవై ఒకటి. మొదటి ప్రయాణికుడికి ఈమె ఏమవుతుంది అన్న గడిలో భార్య అని లేదు. అటెండెంట్ అని ఉంది.

అంతటితో ఆగలేదు. చక్రాల కుర్చీ నెట్టగలదా అన్నచోట, నెట్టగలదు. మనిషిని లేపి కూర్చోబెట్టగలదా అన్నచోట, గలదు. ఓడ రేవులో ఆగినప్పుడు ఊరు చూడడానికి దిగుతుందా అన్నచోట, దిగదు, మొదటి ప్రయాణికుడి దగ్గరే ఉంటుంది.

ఆ చివరి జవాబును గిరిజ నిన్నటి నుంచి ఎన్నిసార్లు చదివించుకుందో విద్యకే లెక్క తప్పింది.

మురళీధర్ కొట్టు తాళాలు చేతిలో పట్టుకుని హాల్లో నిలబడి ఉన్నాడు. పెద్ద మార్కెట్ పక్కన తండ్రి పెట్టిన పాత్రల కొట్టును రెండేళ్ళుగా అతనే చూస్తున్నాడు. పనివాళ్ళు షట్టరు ముందు కాచుకుని ఉంటారని ఇప్పటికి మూడుసార్లు చెప్పాడు. ఫారం నింపింది తానేనని మాత్రం ఎనిమిదిన్నరకు ఒప్పుకున్నాడు.

అతను చెప్పింది ఇది. ఇవి వేలమంది ఎక్కే పెద్ద ఓడలు కావు. వందమందో రెండువందలమందో పోయే చిన్న ఓడలు. లోపల ఉండేది ఒక్క డాక్టరు. పక్షవాతం వచ్చిన మనిషిని ఒంటరిగా ఎక్కించుకోరు, పక్కన చూసుకునేవాళ్ళు ఉన్నారని రాసి ఇవ్వాలి. నర్సును పెట్టుకుంటే ఆమెకు ఇంకో గది తీసుకోవాలి. కాబట్టి అమ్మ పేరు రాశాడు.

"కాగితం మీద మాటే గదమ్మా. నువ్వు ఎట్లాగూ నాయన పక్కనే ఉంటావు గదా."

గిరిజ తలెత్తి కొడుకు మొహంలోకి చూసింది.

"ఎట్లాగూ అంటే?"

జవాబు చెప్పింది విద్య. భోజనాల బల్ల దగ్గర కాలేజీ బ్యాగు భుజాన వేసుకునే కూర్చుని ఉంది ఆమె.

"ఆ ఎట్లాగూ అనే మాట మీదనే ఈ ఇల్లు నడుస్తా ఉండేది."

"నువ్వు ఊరుకో. ఆ కాగితాలు తెచ్చి ఆమె చేతిలో పెట్టకపోయింటే ఈపాటికి అందరమూ ఇడ్లీ తినుంటాము."

"ఓడ ఎక్కినాంక తెలిసింటే బాగుండునా? గదిలో అత్త సోఫా మీద పక్క వేసుకునేటప్పుడు?"

భార్యాభర్తలు ఒకరినొకరు చూసుకున్నారు. పెళ్ళయిన పదకొండేళ్ళలో అత్తమామల ముందు వాళ్ళు గొంతెత్తి మాట్లాడుకున్నది లేదు. ఇద్దరికీ ఆ సంగతి ఒకేసారి గుర్తుకొచ్చినట్టుంది, ఇద్దరూ ఆగిపోయారు.

కిటికీ పక్కన వాలుకుర్చీలో సీతాపతి తమిళ పేపరు చదువుతున్నాడు. గంటన్నరగా అదే పేజీ. ఎడమచెయ్యి ఒళ్ళో పడి ఉంది. రెండేళ్ళ కిందట కొట్టులో గల్లాపెట్టె దగ్గరే కుప్పకూలినప్పటి నుంచి ఆ చెయ్యి, ఆ కాలు ఆయన మాట వినడం మానేశాయి. కుర్చీ నుంచి మంచానికి, మంచం నుంచి స్నానాల గదికి, ఎక్కడికైనా గిరిజ భుజమే ఆసరా. ఆమె కుడిభుజం మీద జాకెట్లన్నీ ముందుగా చిరుగుతున్నాయి.

ఈ గొడవంతా తనది కానట్టు ఆయన కూర్చున్న తీరు చూస్తుంటే గిరిజకు కొడుకు మీద కోపం కూడా చిన్నదైపోయింది.

ఎందుకంటే ఈ ప్రయాణం ఆయన మాటే. పోయిన మే నెలలో, పెళ్ళయి నలభై ఏళ్ళు నిండిన రోజు అందరి ముందూ ఆయనే అన్నాడు. పెళ్ళయిన కొత్తలో సముద్రం మీద ఒకసారి పోదామని అడిగావు, అప్పుడు కుదరలేదు, ఇప్పుడు పోదాం, ఏ ఓడో నువ్వే చూసి చెప్పు అని. నలభై ఏళ్ళుగా సముద్రం ఒడ్డున ఉంటూ ఒక్కరోజు కూడా పడవ ఎక్కని గిరిజ ఆ మాటను మనసారా నమ్మింది.

మూడు నెలలు చూసింది. కొలంబో నుంచి సీషెల్స్ దాకా పన్నెండు రోజులు పోయే చిన్న ఓడల కంపెనీలు మూడు ఉన్నాయని విద్య వెతికి పెట్టింది. గిరిజ ఒక నోటు పుస్తకం కొనుక్కుని ఒక్కో ఓడకు పది పేజీలు కేటాయించింది. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా బడిలో నేర్చింది తమిళ అక్షరాలు. తెలుగు మాటలను తమిళ అక్షరాల్లో రాసుకుంది.

అరేలియా అనే ఓడలో యాభై నాలుగు సూట్లు, అంటే హోటలులో లాంటి పెద్ద గదులు. అన్నిటికీ వరండా ఉంది. మంచం సముద్రం వైపు వేసి ఉంటుంది, పడుకున్నచోటి నుంచే నీళ్ళు కనిపిస్తాయి. బెల్‌మార్ దానికి రెండింతలు. సూట్లో హాలు వేరు, పడకగది వేరు, ఏం కావాలన్నా తెచ్చిపెట్టడానికి ఒక మనిషి. కానీ మంచం గోడ వైపు, గోడకు టీవీ. వరండా కావాలంటే ఐదో అంతస్తు పైనే. కార్వెట్టా తెరచాపల ఓడ. బొమ్మలో చూడడానికి అన్నిటికన్నా అందంగా ఉంది. గదులు ఇరుకు, కిటికీలు గుండ్రం, వరండాలు లేవు.

బొమ్మలు చూసి నమ్మే మనిషి కాదు గిరిజ. వెల్లుల్లి లేని రసం చేస్తారా అని మూడు కంపెనీలకూ విద్య చేత ఉత్తరం రాయించింది. బెల్‌మార్ వాళ్ళు పన్నీరు వంటల జాబితా పంపారు. కార్వెట్టా వాళ్ళు పూటకు రెండు శాకాహార వంటలు ఉంటాయన్నారు. అరేలియా వంటాయన మర్నాడే జవాబిచ్చాడు, పులుపు ఎంత ఉండాలని అడిగాడు.

ఇంకో రోజు మేడ మీదికి ముగ్గుపిండి తీసుకుపోయి అరేలియా సూటు ఎంతుంటుందో టేపుతో కొలిచి గీసింది. ఇక్కడ మంచం, ఇక్కడ స్నానాల తొట్టి, ఇక్కడ వరండా. కోడల్ని పిలిచి ఆ వరండాలో కూర్చోబెట్టింది. అత్తాకోడళ్ళు ఇద్దరూ ఆ ముగ్గు మధ్యలో కూర్చుని టీ తాగారు.

అరేలియా అని భర్తకు చెప్పింది. సెరి అన్నాడు.

తీరా మురళీధర్ బుక్ చేసింది బెల్‌మార్. నాలుగో అంతస్తులో, నడవలేనివాళ్ళకని కట్టిన సూటు. తలుపు వెడల్పు, స్నానాల గదిలో గోడలకు కడ్డీలు, కిటికీకి తెరుచుకోని అద్దం. మధ్యలో పెద్ద మంచం ఒకటి. దాని కాళ్ళవైపు, లాగితే పరుపయ్యే సోఫా. అటెండెంటుకు అని బొమ్మ కింద రాసి ఉంది.

"వాణ్ణి అడగద్దు," అన్నాడు సీతాపతి ఉన్నట్టుండి. పేపరు మడిచాడు. "రాయమన్నది నేను."

 వీధిలో పూలమ్మే ఆమె కేక వేసుకుంటూ పోయింది.

గిరిజ పీట మీంచి లేచింది. వచ్చి భర్త ఎదుట నిలబడింది, కూర్చోలేదు.

"ఎందుకు?"

ఆయన సావకాశంగానే చెప్పాడు. అరేలియాలో స్నానాల గదికి గడప ఎత్తు. కాలు తగిలి పడితే సముద్రం మధ్యలో ఎవరిని పిలవాలి. బెల్‌మార్‌లో అయితే అన్నీ తనలాంటివాళ్ళకు తగినట్టు ఉన్నాయి. తను అందులో తప్పేమీ చేయలేదు.

"ఆ మాట మేలోనే చెప్పుంటే నేనే బెల్‌మార్ అనుంటాను. గడప సంగతి నాకు తెల్దా? మీ కాలు ఎంత లేస్తాదో నాకు తెల్దా? మూడు నెలలు నన్ను ఓడలు చూడమని ఎందుకు కూచోబెట్టినారు?"

"నీకు సంతోషంగా ఉండింది గదా. పుస్తకం పెట్టుకుని రాసుకుంటా ఉంటివి. వద్దని ఎందుకు చెప్పాలి?"

విద్య కళ్ళు మూసుకుంది. చిన్నపిల్లకు ఆడుకోమని గిన్నెలు ఇచ్చినట్టు తన అత్తకు మూడు ఓడలు ఇచ్చారని అప్పుడు అర్థమైంది ఆమెకు. గిరిజకు అంతకుముందే అర్థమైనట్టుంది. గొంతు పెరగలేదు, తగ్గింది.

"సెరి. గది మీకు తగినట్టు తీసుకున్నారు. భార్య అని రాయడానికి ఏమొచ్చింది?"

సీతాపతి విసుగ్గా కిటికీ వైపు మొహం తిప్పుకున్నాడు. కొట్టులో బేరం ముగిశాక కూడా కదలకుండా నిలబడే మనిషి వైపు అట్లాగే తిప్పుకునేవాడు.

"భార్య అని రాసినా అటెండెంట్ అని రాసినా నువ్వు చేసేది ఆ పనే గదా."

మురళీధర్ తాళాల గుత్తిని బల్లమీద పెట్టాడు. నాయనా, అని గొణిగాడు. సీతాపతి వినిపించుకోలేదు.

గిరిజ కాగితాలు నాలుగూ మడిచింది. అది చూసి కొడుకు, అయిపోయింది, ఇంక అమ్మ వంటింట్లోకి పోతుంది అనుకున్నాడు. నలభై ఏళ్ళుగా ఆ ఇంట్లో గొడవలన్నీ ఆమె వంటింట్లోకి పోవడంతోనే ముగిసేవి.

"మార్చిలో మా అక్క పోయింది," అన్నది ఆమె. "విల్లియనూరు ఏం దూరం? బస్సెక్కితే అరగంట. పదైదు రోజులు మంచంలో ఉండి నన్ను అడిగింది. ఒక్కసారి పోయినాను. పోయి కూచున్న గంటలోపల మీరు నాలుగుసార్లు ఫోను చేసినారు. లేవలేకపోతా ఉండాను, బాత్రూముకు పోవల్ల అని. లేచి వచ్చేసినాను. అక్క నా చెయ్యి పట్టుకోనుండె. విడిపించుకోని వచ్చినాను. మూడో రోజు ఆమె పాయె."

"అప్పుడు నువ్వు ఏమీ అనలేదే."

"మీ పెండ్లాన్ని అనుకోని ఊరుకున్నాను. అటెండెంటని తెల్దు."

ఆమె లోపలికి పోయింది. కానీ వంటింట్లోకి కాదు. పది నిమిషాల తరవాత చీర మార్చుకుని, సంచిలో పాస్‌పోర్టు పెట్టుకుని వచ్చింది. మందుల డబ్బా తెచ్చి కొడుకు చేతిలో పెట్టింది. తెల్లవి తిండికి ముందు, పచ్చవి తరువాత అని చెప్పింది. ఆయన మింగేదాకా పక్కన నిలబడాలని, లేకుంటే నాలుక కింద పెట్టుకుని ఉమ్మేస్తాడని కూడా చెప్పింది.

యాడికి పోతావని మురళీధర్ అడిగితే, ట్రావెల్స్‌కు అన్నది. స్కూటరు మీద దింపుతానని విద్య లేచింది. గిరిజ వద్దంది.

"నువ్వు వస్తే, నువ్వే నన్ను ఎగదోసినావని అంటారు. నా కోపం నాదే అని వీళ్ళకు తెలియల్ల."

వీధి మలుపులో ఆటో ఎక్కింది. 

మిషన్ వీధిలో ఒక పాత కట్టడం పైఅంతస్తులో ఉంది ట్రావెల్స్ ఆఫీసు. లిఫ్టు లేదు. మధ్యలో ఒక మలుపుతో ఇరుకు మెట్లు. ఓడల ప్రయాణాలు చూసే తమిళరసి ముప్పయ్యేళ్ళ మనిషి, ఫోనులో చాలాసార్లు మాట్లాడినా గిరిజను ఎదురుగా చూడడం ఇదే మొదలు. రసం ఉత్తరం రాయించిన అమ్మ మీరేనా అని నవ్వుతూ కుర్చీ జరిపింది. గిరిజ మొహం చూసి నవ్వు ఆపేసింది.

బెల్‌మార్ మీద తన పేరు కొట్టేయమని గిరిజ తమిళంలో చెప్పింది. ఒకరికి గది కావాలంది.

తమిళరసి కంప్యూటరు తెర ఆమె వైపు తిప్పింది. ఒకరికే అంటే లెక్క మారిపోతుందని వివరించింది. కార్వెట్టాలో ఒంటరిగా వచ్చేవాళ్ళకని ఆరు గదులు కట్టారు, అందులో ఒకటి మిగిలి ఉంది. అరేలియాలో అట్లాంటివి లేవు. ఇద్దరి సూటును ఒక్కరే తీసుకోవాలి, దాదాపు ఇద్దరి డబ్బూ కట్టాలి. ఒంటరిగా పోయే ఆడవాళ్ళు ఎక్కువమంది కార్వెట్టానే తీసుకుంటారు, బాగానే ఉంటుంది అన్నది.

గిరిజ ఆ గది బొమ్మ చూసింది. ఒక మంచం, ఒక కుర్చీ, పళ్ళెమంత గుండ్రటి కిటికీ. శుభ్రంగానే ఉంది. బయటికి చూడాలంటే కిటికీ దగ్గరికి పోయి మొహం ఆనించాలి. నలభై ఏళ్ళలో మొదట అత్తగారి మంచం పక్కన, తరువాత పిల్లల పక్కన, తరువాత ఈయన పక్కన, ఎవరికో తగినట్టు తీసిన గదిలో మిగిలిన మూలనే తను పడుకుంది. ఈసారి ఎవరూ లేకపోయినా తనంతట తాను మూలనే తీసుకోబోతున్నానని తెలిసి ఆమెకు తనమీదనే కోపమొచ్చింది.

"అరేలియానే రాయమ్మా," అన్నది. "ఇద్దరి చోటు నాకొక్కదానికే కావాలి."

విల్లియనూరులో పుట్టింటి పొలంలో తన వాటా అమ్మిన డబ్బు తన పేరునే బ్యాంకులో ఉందని, దానికి ఎవరి సంతకమూ అక్కర్లేదని చెప్పింది. తమిళరసి కొత్త ఫారం తెరిచింది.

సగం నింపారో లేదో ఫోను మోగింది. అంతకుముందు కొడుకు మూడుసార్లు చేస్తే ఎత్తలేదు. ఇది విద్య.

"అత్తా, మామ బయల్దేరినాడు. తినలేదు, మాత్ర వేసుకోలేదు. మిమ్మల్ని సంతకం పెట్టనీయకూడదని ఒకటే అరుపు. ఆయన్ని కార్లో కూచోబెట్టుకోని మీ కొడుకు వస్తా ఉండాడు. ఈపాటికి వచ్చేసుంటారు."

గిరిజ ఫోను పెట్టేసింది. వస్తే మాత్రం ఈ మెట్లు ఎట్లా ఎక్కుతాడు, కిందే కూర్చుని కొడుకును పంపుతాడు అనుకుంది. కొడుకుతో ఏం చెప్పాలో మనసులో కూర్చుకుంది.

మెట్ల మీద చప్పుడు వినబడింది. ఒక అడుగు, కొంచెం ఆగి ఇంకో అడుగు. మలుపు దగ్గర ఆగింది. మళ్ళీ మొదలైంది.

వచ్చినవాడు సీతాపతి.

వెనక ఎవరూ లేరు. చేతికి కర్ర లేదు. కుడిచెయ్యి గోడను పట్టుకోలేదు, గాల్లో కోపంగా ఆడుతోంది. చొక్కా చెమటతో వీపుకు అంటుకుపోయింది. ఎడమకాలు కొంచెం ఈడుస్తున్నాడు, అంతే. గుమ్మం దాటి, రెండు బల్లల మధ్య నడిచి, గిరిజ కుర్చీ పక్కన వచ్చి నిలబడ్డాడు.

"సంతకం పెట్టినావా?"

 ఆయన మొహం చూడడం లేదు ఆమె. ఆయన కాళ్ళను చూస్తోంది.

ఏం చూస్తోందో ఆయనకు తెలియడానికి కొంత సమయం పట్టింది. తెలిశాక ఎడమచేతిని పొట్ట దగ్గరికి తెచ్చుకున్నాడు. పక్క కుర్చీ వీపు పట్టుకున్నాడు. భుజం వాల్చాడు. అంతా ఆమె ఎదుటే చేశాడు.

"ఎవరు తెచ్చినారు మిమ్మల్ని పైకి?"

సీతాపతి మెట్ల వైపు చూశాడు.

"మురళీ యాడ?"

కింద ఉన్నాడని, మోసుకుపోవడానికి మనుషుల్ని పిలవను పోయాడని ఆయన చెప్పాడు. ఆ మాట చెప్పాక తనేం చెప్పాడో తనకే తెలిసింది.

తమిళరసి లేచి, మంచినీళ్ళు తెస్తానని లోపలి గదిలోకి వెళ్ళిపోయింది. వాళ్ళ తెలుగు ఆమెకు అర్థం కాకపోయినా మొహాలు అర్థమయ్యాయి.

"ఎప్పటి నుంచి?" అన్నది గిరిజ.

ఆయన కూర్చున్నాడు. బల్లమీది పెన్నును అటూ ఇటూ జరిపాడు.

"పొంగల్ అప్పుడు," అన్నాడు. "మొదట్లో ఇల్లంతా నడవలేకపోతిని. పగలు నువ్వు గుడికి పోయినప్పుడు నాలుగు అడుగులు. తరువాత ఇంకొన్ని."

పొంగల్ జనవరిలో. అక్క పోయింది మార్చిలో. గిరిజ ఆ రెండు నెలల మధ్య ఒక్కో రోజునూ తిరిగి నడిచింది. ఆ నాలుగు ఫోన్లు వచ్చిన మధ్యాహ్నం ఈ మనిషి లేచి నడవగలడు. లేచి బాత్రూముకు పోగలడు. పోయి వచ్చి కూర్చునే ఆ నాలుగో ఫోను చేశాడేమో.

"ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు చెయ్యి వదిలేస్తావు." ఆయన ఆమె కుడిచేతి వైపు చూశాడు. "కొట్టు వాడి చేతికి పోయె. వాడు నన్ను ఏదీ అడిగేది లేదు. ఆ చెయ్యి ఒకటే నాకుండేది. నడుస్తానని తెలిస్తే అక్క ఇంటికని, గుడికని, నీ పాటికి నువ్వు పోతావు. నేను ఆ కుర్చీలో ఒక్కణ్ణే కూచోనుండల్ల."

ఆ మాట ఇంకో రోజు, ఇంకోచోట, వేరే విధంగా చెప్పి ఉంటే గిరిజకు ఏడుపు వచ్చేది. ఇప్పుడు రాలేదు. చెయ్యి విడిపించుకుంటున్నప్పుడు అక్క వేళ్ళు ఎట్లా ఒక్కొక్కటిగా జారాయో అదొక్కటే కనిపిస్తోంది.

"మీరు అడిగుంటే నేను ఉండనా?" అన్నది. "నలభై ఏండ్లలో ఉండమని ఒక్కసారి అడిగినారా? అడగకుండా కట్టేసినారు."

ఆయన తల వంచుకున్నాడు.

గిరిజ ఫారం తన వైపు లాక్కుంది. మిగిలిన గళ్ళు ఆమెకు తెలిసిన ఇంగ్లీషుకు చాలినవే. పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు. మంచినీళ్ళతో వచ్చిన తమిళరసి, సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించింది. రేపు సాయంకాలం దాకా సూటు ఆమె పేరున పట్టి ఉంచుతారని, ఆలోగా డబ్బు కట్టకపోతే వేరేవాళ్ళకు పోతుందని చెప్పింది. సీతాపతి ముందు గ్లాసు పెట్టింది. ఆయన తాగలేదు.

గిరిజ సంతకం పెట్టింది. సంచి భుజానికి తగిలించుకుని లేచింది.

"గిరిజా," అన్నాడు ఆయన. చెయ్యి చాచాడు. "నేను దిగవల్ల."

ఆమె చెయ్యి తనంతట తాను ఒక జానెడు ముందుకు పోయింది. దాన్ని వెనక్కి లాక్కోవడానికి ఆమెకు బలం కావలసివచ్చింది. లాక్కుని, గుమ్మం దాటి, మెట్లు దిగడం మొదలుపెట్టింది.

మలుపు దగ్గరికి వచ్చేసరికి కింద నుంచి మురళీధర్ ఎదురొచ్చాడు. వెనక ఇద్దరు మనుషులు, వాళ్ళ చేతుల మధ్య ఒక ప్లాస్టిక్ కుర్చీ. అతని మొహంలో రక్తం లేదు.

"అమ్మా, నాయన కార్లో లేడు. రోడ్డంతా చూసినాను. యాడికి పోయినాడో..."

"పైన ఉండాడు."

"పైనా? ఎవరు మోసుకొచ్చినారు?"

గిరిజ మలుపులో గోడకు ఆనుకుని నిలబడింది. మెట్లు ఒక మనిషికి సరిపోయేంత వెడల్పు. ఆమె అక్కడ నిలబడితే కుర్చీ పోదు.

"ఎట్లా ఎక్కినాడో అట్లే దిగుతాడు. కుర్చీ వెనక్కి తీసుకుపొమ్మను."

మురళీధర్‌కు అర్థం కాలేదు. నాయన పడిపోతే ఎవరు దిక్కని, అడ్డం జరగమని గట్టిగా అన్నాడు. ఒక మెట్టు పైకెక్కి తల్లి భుజం మీద చెయ్యి కూడా వేశాడు. కుర్చీ పట్టుకున్న ఇద్దరూ ఎవరి మాట వినాలో తెలియక నేల చూపులు చూస్తున్నారు.

గిరిజ జరగలేదు. తల పైకెత్తి, మెట్ల చివర గుమ్మం వైపు చూస్తోంది. అక్కడ సీతాపతి వచ్చి నిలబడ్డాడు. ఒక చెయ్యి తలుపుకు ఉంది. కింద కొడుకు చూస్తున్నాడు, పరాయివాళ్ళు ఇద్దరు చూస్తున్నారు. దిగితే తను నడవగలడని వాళ్ళకూ తెలిసిపోతుంది.

ఆయన కుడికాలు మొదటి మెట్టు అంచు దాకా వచ్చి, అక్కడే ఆగిపోయింది.